బడుల మీద మేయరు పెత్తనం: భూమి రాష్ట్రానిది, కౌలు నగరానిది

2009 జూన్ 30 అర్ధరాత్రి న్యూయార్క్ నగరంలో ఒక చట్టానికి గడువు తీరిపోయింది. బడుల మీద మేయరు మైకేల్ బ్లూంబర్గ్‌కు ఉన్న అధికారం కూడా దానితోపాటే పోయింది. రాష్ట్ర రాజధాని ఆల్బనీలో సెనేట్ అప్పటికి 31-31గా చీలిపోయి, సభ నడపాల్సింది ఎవరో తేలక మూలబడి ఉంది. పొడిగింపు బిల్లు బల్ల మీదే ఉండిపోయింది. మర్నాడు, ఏడేళ్ల కిందట అటకెక్కిన పాత ఎడ్యుకేషన్ బోర్డును హడావిడిగా కిందికి దించారు. అయిదుగురు సభ్యులను అయిదు బరోల (నగరంలోని పెద్ద విభాగాల) ప్రెసిడెంట్లు, ఇద్దరిని మేయరు వేశారు. ఆ బోర్డు కొద్ది నిమిషాలు కూర్చుని, బడుల అధిపతిగా ఉన్న ఛాన్సలర్ జోయెల్ క్లైన్‌నే కొనసాగించమని తీర్మానం చేసి లేచిపోయింది. ఆగస్టులో చట్టం మళ్లీ రాగానే బోర్డు మళ్లీ అటకెక్కింది.

దూరం నుంచి చూసేవాళ్లకు ఇదంతా నవ్వులాట. అసలు సంగతి మాత్రం ఇందులోనే ఉంది. అమెరికా రాజ్యాంగంలో చదువు ఊసే లేదు. అది పూర్తిగా రాష్ట్రాల వ్యవహారం. బడులు నడిపే 'స్కూల్ డిస్ట్రిక్ట్' అనేదాన్ని పుట్టించేదీ, గిట్టించేదీ రాష్ట్ర శాసనసభే. దేశంలో అలాంటి డిస్ట్రిక్టులు సుమారు 13,000 ఉంటే, వాటిలో అత్యధికం ఓటర్లు ఎన్నుకున్న బోర్డుల చేతిలో ఉన్నాయి. కొన్ని పెద్ద నగరాల్లో మాత్రం ఆ బోర్డును పక్కకు నెట్టి పగ్గాలు మేయరు చేతికి ఇచ్చారు. ఇచ్చింది ప్రజలు కాదు, శాసనసభ. అంటే మేయరు ఇక్కడ కౌలుదారు. పొలం బాగా పండినా, పురుగు పట్టినా పేరు అతనిదే. పట్టా మాత్రం రాష్ట్రం పెట్టెలోనే ఉంటుంది. ఈ వ్యవస్థ మంచిదా చెడ్డదా అని దశాబ్దాలుగా కొట్టుకుంటున్నవాళ్లలో చాలామంది మేయరు ముఖం చూసి వాదిస్తారు. చూడాల్సింది కౌలు కాగితం.

న్యూయార్క్: ఎన్ని సీట్లు, ఎవరు పీకగలరు

2002కు ముందు న్యూయార్క్‌లో బడుల ఖర్చు నగర ఖజానాది, అధికారం ఏడుగురు సభ్యుల కేంద్ర బోర్డుది. ఆ ఏడింటిలో మేయరువి రెండే. కింద 32 కమ్యూనిటీ స్కూల్ బోర్డులు ఉండేవి. అవి 1968లో ఓషన్ హిల్-బ్రౌన్స్‌విల్ గొడవ తర్వాత వచ్చినవి. నల్లజాతి తల్లిదండ్రులు తమ బడుల మీద తమకే హక్కు కావాలన్నారు, టీచర్ల యూనియన్ తమవాళ్లను అడ్డదిడ్డంగా బదిలీ చేశారని సమ్మెకు దిగింది, ఆ ఏడు 36 బడి రోజులు ఎగిరిపోయాయి. మరుసటి ఏడాది శాసనసభ చేసిన రాజీయే ఈ వికేంద్రీకరణ. ఆశయం గొప్పదే గాని, ఆ ఎన్నికల్లో ఓటేసేవాళ్లు 100కి 10 మంది కూడా ఉండేవాళ్లు కాదు. అంత తక్కువ ఓటింగ్ ఉన్నచోట పది మందిని కూడగట్టుకున్న ఏ ముఠా అయినా గెలుస్తుంది. కొన్ని బోర్డుల్లో ఉద్యోగాలు బేరానికి పెట్టారని బయటపడ్డాక, 1996లోనే నియామకాల అధికారం వాటి నుంచి లాగేశారు. కేంద్ర కార్యాలయం అడ్రసు 110 లివింగ్‌స్టన్ స్ట్రీట్ అంటే ఫైళ్లు కదలని చోటు అని నగరంలో సామెతగా మారింది.

బ్లూంబర్గ్ 2002లో కౌలు సంపాదించాక మొదట చేసిన పనుల్లో ఒకటి, ఆ కార్యాలయాన్ని సిటీ హాల్ వెనకనే ఉన్న ట్వీడ్ కోర్టు భవనంలోకి మార్చడం. (19వ శతాబ్దంలో ఆ భవనం కట్టడంలోనే లక్షల డాలర్లు మింగిన నాయకుడి పేరుతో అది చలామణీ అవుతోంది. కొత్త పాలనకు ముహూర్తం అక్కడే దొరికింది!)

చట్టం ప్రకారం పేరుకు ఒక కమిటీ ఉంది: ప్యానెల్ ఫర్ ఎడ్యుకేషనల్ పాలసీ. మొదట్లో 13 సీట్లు. ఛాన్సలర్‌తో కలిపి 8 మేయరువి, 5 బరో ప్రెసిడెంట్లవి. నెల నెలా కాంట్రాక్టులకు ఆమోదం, బడుల మూసివేత, ఒకే భవనంలో రెండు బడులు పెట్టడం, విధాన మార్పులు, అన్నీ దీని ముందుకే రావాలి. 8 అనే అంకె చూసి మేయరుకు ఢోకా లేదనుకుంటారు. ఢోకా లేకపోవడానికి అసలు కారణం వేరు. ఆ సభ్యులకు నిర్ణీత పదవీకాలం లేదు, పెట్టినవాళ్లు తలుచుకున్నప్పుడు పీకేయొచ్చు. 2004 మార్చిలో ఇది కళ్లకు కట్టింది. మూడో తరగతిలో పరీక్ష తప్పిన పిల్లలను అదే తరగతిలో ఆపేయాలన్న విధానం ఓటుకు వచ్చింది. మేయరు సభ్యుల్లో ఇద్దరు ఒప్పుకునేలా లేరు. సమావేశానికి కొద్ది గంటల ముందు ఆ ఇద్దరినీ తీసేశారు. స్టాటెన్ ఐలాండ్ బరో ప్రెసిడెంటు కూడా తన సభ్యుణ్ణి మార్చేశాడు. సాయంత్రం ఓటు 8-5తో గట్టెక్కింది. అది సోమవారం. పత్రికలు దానికి 'సోమవారం రాత్రి ఊచకోత' అని పేరు పెట్టాయి.

అందుకే ఆ తర్వాత ఆల్బనీ కౌలు పొడిగించినప్పుడల్లా అంకెలకంటే ఈ పీకే హక్కు మీదే గొడవ పడింది. 2019లో ప్యానెల్‌ను 15 చేసి, తల్లిదండ్రుల మండళ్లు ఎన్నుకునే సీటు ఒకటి కలిపారు. 2022లో 23కు పెంచారు: 13 మేయరువి, 5 బరో ప్రెసిడెంట్లవి, 5 తల్లిదండ్రుల మండళ్ల అధ్యక్షులు ఎన్నుకునేవి. వాటిని మించిన మార్పు మరొకటి ఉంది. సభ్యులకు ఏడాది పదవీకాలం ఇచ్చి, ఎదురు ఓటేసినందుకు తీసేయడానికి వీల్లేదన్నారు. 2024లో ఇంకో మెలిక పెట్టారు. ఛైర్మన్‌ను మేయరే ఎంచుకోవాలి గాని, శాసనసభ నాయకులు, రాష్ట్ర విద్యామండలి పెద్ద ఇచ్చిన మూడు పేర్లలోంచే ఎంచుకోవాలి.

మెజారిటీ చేతిలో ఉన్నా పని తప్పే సందర్భాలు రెండు. మొదటిది, తన మనుషులే ఎదురు తిరగడం. 2021 జనవరిలో నాలుగేళ్ల పిల్లలకు పెట్టే ప్రతిభా పరీక్ష కాంట్రాక్టును ప్యానెల్ 8-7తో తిప్పికొట్టింది. రెండోది మరీ చిన్నది, సీట్లు సకాలంలో నింపకపోవడం. 2022 మార్చిలో మేయరు ఎరిక్ ఆడమ్స్ పెట్టిన ఒక సభ్యురాలు పాత రాతల వివాదంలో తప్పుకోవాల్సి వచ్చిన రాత్రే, బడులకు డబ్బు పంచే సూత్రం ఓటుకు వచ్చింది, నెగ్గడానికి సరిపడా ఓట్లు రాలేదు. నియామకాల ఫైలు చూసే గుమాస్తా నిర్లక్ష్యం చేస్తే వేల కోట్ల లెక్క ఆగుతుందన్నమాట.

బడి మూసేయడానికి ఉన్న మెట్లు చూస్తే కాగితంలోని అక్షరం ఎంత బలమైనదో తెలుస్తుంది. 2009 సవరణ ప్రకారం, వచ్చే విద్యాసంవత్సరం మొదలవడానికి కనీసం ఆరు నెలల ముందు 'విద్యా ప్రభావ నివేదిక' బయట పెట్టాలి. అందులో ఏ పిల్లలు ఎక్కడికి వెళ్తారు, పక్క బడుల మీద ఎంత ఒత్తిడి పడుతుంది, ఖర్చెంత, ఉద్యోగాల మాటేమిటి అన్నీ చెప్పాలి. తర్వాత 30 నుంచి 45 రోజుల మధ్య ఆ బడిలోనే బహిరంగ విచారణ జరపాలి. ఆపైనే ప్యానెల్ ఓటు. 2010 జనవరిలో 19 బడుల మూసివేతకు బ్రూక్లిన్ టెక్ హాలులో సమావేశం పెడితే, మాట్లాడేవాళ్ల వరస తెగక తెల్లవారుజాము దాకా సాగింది. ఓటు అనుకున్నట్టే 9-4. కానీ మార్చిలో రాష్ట్ర ట్రయల్ కోర్టు న్యాయమూర్తి ఆ ఓటు చెల్లదన్నారు. నివేదికలు ఒకే మూసలో పోసినట్టున్నాయి, ఫలానా బడిలోని ఫలానా కార్యక్రమం పోతే ఆ పిల్లల గతేమిటన్నది లేదు. అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది. కేసు వేసిన టీచర్ల యూనియన్ ప్యానెల్లో ఓడి, కాగితం దగ్గర గెలిచింది.

కౌలు కాగితంలో లేనిది మేయరు ఎంత గొంతు చించుకున్నా రాదు. స్టైవెసెంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్, ఈ మూడు హైస్కూళ్లలో ప్రవేశం ఒకే ఒక్క పరీక్షతో జరగాలని 1971 నాటి రాష్ట్ర చట్టం చెబుతోంది. 2018లో అప్పటి మేయరు బిల్ డి బ్లాజియో ఆ పరీక్ష ఎత్తేస్తానన్నాడు. నగరంలో ప్రతి బడీ తన చేతిలో ఉన్నా ఈ మూడింటి గేటు మాత్రం ఆల్బనీ తాళం. ఆసియా కుటుంబాలు గట్టిగా అడ్డుపడ్డాయి, శాసనసభ కదల్లేదు, పరీక్ష అలాగే ఉంది.

ఆల్బనీకి ఈ గడువు పద్ధతి ఎందుకు ముద్దంటే, ప్రతి పొడిగింపూ బేరానికి పనికొస్తుంది. బ్లూంబర్గ్‌కు ఒకేసారి ఆరేళ్లు ఇచ్చినవాళ్లే డి బ్లాజియోకు 2015లో ఏడాది, 2016లో ఏడాది విదిలించారు. సెనేట్ రిపబ్లికన్లకు చార్టర్ బడులు (సర్కారు డబ్బుతో ప్రైవేటు సంస్థలు నడిపేవి) పెంచుకోవాలని ఉంది. 2017లో ప్రత్యేక సమావేశం పెట్టి గడువుకు ముందురోజు తేల్చిన మూటలో ఏమేం ఉన్నాయో చూడండి: మేయరుకు రెండేళ్లు, రాష్ట్రమంతటా జిల్లాల అమ్మకపు పన్నుల పొడిగింపు, హడ్సన్ నది మీద కొత్త వంతెనకు గవర్నరు గారి తండ్రి పేరు. 2022లో మేయరు అడిగింది ఎక్కువేళ్లు, దక్కింది రెండేళ్లు. దానితోపాటే తరగతి గదుల్లో పిల్లల సంఖ్య, తరగతి స్థాయిని బట్టి, 20, 23, 25కు మించకూడదన్న మరో చట్టం నెత్తిన పడింది. దాన్ని 2028 నాటికి అమలు చేయాలన్నారు. కౌలు కొనసాగాలంటే కొత్త బావి తవ్వమన్నట్టు.

జొహ్రాన్ మమ్దానీ 2025 ఎన్నికల్లో మేయరు పెత్తనం తీసేయాలని చెప్పి గెలిచాడు. ప్రమాణానికి ముందురోజు, డిసెంబరు 31న, మాట మార్చుకుని పొడిగింపు అడుగుతానన్నాడు. దీన్ని పిల్లిమొగ్గ అని తీసిపారేయడం తేలికే. కానీ పదవిలోకి వచ్చే ఎవరికైనా కళ్ల ముందున్న లెక్క ఇదే: దాదాపు 9 లక్షల మంది పిల్లలు, నగర బడ్జెట్‌లో అన్నిటికంటే పెద్ద పద్దు. దాని మీద ఓటు వదులుకుంటే బిల్లు మాత్రం వదలదు.

మార్కుల వాదన

మేయరు పాలన వల్ల చదువులు బాగుపడ్డాయా? 2009లో పొడిగింపు కోసం వాదించినప్పుడు బ్లూంబర్గ్ బలగం చూపించింది రాష్ట్ర పరీక్షల ఫలితాలే. ఆ ఏడు 3 నుంచి 8 తరగతుల్లో ఇంగ్లిష్ 69 శాతం, లెక్కలు 82 శాతం ఉత్తీర్ణత. 2010 జులైలో రాష్ట్రం పాస్ మార్కుల గీత పైకి జరిపింది. ఇంగ్లిష్ 42కు, లెక్కలు 54కు పడిపోయాయి. పిల్లలు ఒక్క ఏడాదిలో చదువు మర్చిపోలేదు. అంతకుముందు గీతే కిందికి జారి ఉంది. ఈలోగా కౌలు పొడిగింపు వచ్చేసింది, మేయరు మూడోసారి గెలిచేశాడు.

వాషింగ్టన్ కథ మరో రకం. 2007లో మేయరు ఏడ్రియన్ ఫెంటీ బడులను నేరుగా తన కింద పెట్టుకుని మిషెల్ రీని ఛాన్సలర్‌గా తెచ్చాడు. మధ్యలో ఓటేసే ప్యానెల్ కూడా లేదు. 2008లో 23 బడులు మూతపడ్డాయి, 2010 జులైలో 241 మంది టీచర్లు ఇంటికెళ్లారు, సెప్టెంబరులో ఫెంటీ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఓడాడు, అక్టోబరులో రీ వెళ్లిపోయింది. ఆ తర్వాతి ఏళ్లలో దేశవ్యాప్త పరీక్షల్లో వాషింగ్టన్ పిల్లల మార్కులు నిజంగానే పెరిగాయి. ఇంకోపక్క 2017లో హైస్కూలు పట్టా పుచ్చుకున్నవాళ్లలో మూడో వంతు మందికి హాజరు వంటి నిబంధనలు గాలికొదిలి ఇచ్చారని విచారణలో తేలింది. పై నుంచి ఒకే గొంతు 'ఫలితం చూపించు' అంటుంటే, కింద ప్రిన్సిపాల్ దగ్గర రెండు దారులు ఉంటాయి. ఒకటి కష్టం, ఒకటి సులువు.

ఓటు పోయినవాళ్లు

పెద్దగా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. న్యూయార్క్ పాత కమ్యూనిటీ బోర్డుల ఎన్నికల్లో పిల్లలు బడిలో ఉంటే చాలు, పౌరసత్వం లేని తల్లిదండ్రులు కూడా ఓటేసేవాళ్లు. 2002 చట్టం వల్ల బోర్డులతోపాటే ఆ ఓటూ పోయింది. చికాగోలో 1988లో పుట్టిన లోకల్ స్కూల్ కౌన్సిళ్లలో ఇప్పటికీ పౌరసత్వం అడగరు. మామూలు ప్రాథమిక బడిలో ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దరు ఇరుగుపొరుగు, టీచర్లు, ప్రిన్సిపాల్ కలిసి కూర్చుంటారు. ప్రిన్సిపాల్‌ను నాలుగేళ్ల ఒప్పందం మీద ఎంచుకునేది ఆ కౌన్సిలే. న్యూజెర్సీ, టెక్సస్ శివార్లలో గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి కాచుకుని, పిల్లల బడి బోర్డు ఎన్నికల్లో ప్రేక్షకులుగా మిగిలే తెలుగు తల్లిదండ్రులకు దీని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

జాతి లెక్కా పక్కన పెట్టలేం. 1999లో మిషిగన్ శాసనసభ నల్లజాతివారు ఎక్కువగా ఉన్న డెట్రాయిట్‌లో ఎన్నికైన బోర్డును తీసేసి మేయరుకు ఏడింట ఆరు సీట్లు ఇచ్చింది. చుట్టూ ఉన్న తెల్ల శివార్ల బోర్డుల జోలికి పోలేదు. 2004లో అవకాశం రాగానే డెట్రాయిట్ ఓటర్లు దాన్ని తోసిపుచ్చారు. క్లీవ్‌లాండ్‌లో మాత్రం 2002లో ఓటుకు పెడితే జనం మేయరు పాలనే ఉంచమన్నారు. బోస్టన్ మరీ విచిత్రం. 1992 నుంచి ఏడుగురు నియమిత సభ్యులు, 1996లో జనం అదే బాగుందన్నారు, 2021లో సలహా ఓటింగ్ పెడితే దాదాపు 79 శాతం ఎన్నికలే కావాలన్నారు. ఆ మేరకు నగర కౌన్సిల్ చేసిన తీర్మానాన్ని 2023లో మేయరు మిషెల్ వూ వీటో చేసింది. లాస్ ఏంజిలిస్‌లో 2006లో మేయరు వియరైగోసా చట్టం తెచ్చుకుంటే అమలుకు ముందే కోర్టు కొట్టేసింది, కాలిఫోర్నియా రాజ్యాంగం బడులను నగరపాలన నుంచి వేరుగా ఉంచింది కాబట్టి.

మన దగ్గర ఈ గొడవ పుట్టే వీలే తక్కువ. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలు రాసిచ్చారు. పట్టణాల కోసం పెట్టిన 12వ షెడ్యూలులో 'సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం' అన్న మెత్తటి మాట తప్ప బడి లేదు. హైదరాబాద్ మేయరు ఒక్క టీచరును బదిలీ చేయలేరు. ఆంధ్రలో మున్సిపల్ బడులున్నా, 2022లో వాటి పర్యవేక్షణ కూడా పాఠశాల విద్యాశాఖకు వెళ్లింది.

చికాగో: విడాకులప్పుడు బయటపడే అప్పులు

న్యూయార్క్‌లో బడులకు సొంత పన్ను లేదు, నగర బడ్జెట్‌లో భాగం. చికాగోలో బడుల బోర్డు వేరే ప్రభుత్వం, ఆస్తి పన్ను తనే వేస్తుంది. ఈ తేడా తెలియకపోతే చికాగోలో ఇప్పుడు జరుగుతున్నది ఏమీ అర్థం కాదు.

1995లో ఇల్లినాయ్ శాసనసభలో రెండు సభలూ రిపబ్లికన్లవే, గవర్నరూ వాళ్లే. అయినా బడులను డెమొక్రాట్ మేయరు రిచర్డ్ ఎం. డేలీ చేతిలో పెట్టారు. ఆయనా కాదనలేదు. నింద ఇకపై సిటీ హాల్ మీద పడుతుంది, రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ చేతులు కడుక్కుంటుంది. బదులుగా డేలీకి దక్కింది డబ్బు విషయంలో స్వేచ్ఛ. వేర్వేరు పద్దుల కింద కట్టిపడేసిన పన్నులను ఒకే మూటలో కలిపేశారు. టీచర్ల పింఛనుకు వేరుగా వసూలయ్యే పన్ను కూడా అందులో కలిసింది. బడుల బడ్జెట్ చిటికెలో సర్దుకుంది, నగర బడ్జెట్ అధికారి పాల్ వాలస్ బడుల సీఈఓగా పేరు తెచ్చుకున్నాడు. కానీ ఆ తర్వాత దాదాపు పదేళ్లు పింఛను నిధిలో బోర్డు తన వాటా వేయలేదు. అప్పట్లో నిండుగా ఉన్న నిధి తర్వాత సగానికి జారింది. ఇవాళ చికాగో బడుల లోటు గురించి ఎవరు మాట్లాడినా వేరు అక్కడుంది. పంట బాగా కనిపించింది ఎందుకంటే విత్తనాల గింజలు కూడా వండేశారు.

2013 మే 22న అప్పటి మేయరు రామ్ ఇమాన్యుయెల్ నియమించిన బోర్డు ఒకే రోజు దాదాపు 50 బడుల మూసివేతకు ఓటేసింది. ఎక్కువగా నల్లజాతి పేటల్లోనే. ఆ మూసివేతలు నడిపిన సీఈఓ బార్బరా బర్డ్-బెనెట్ తర్వాత టెండరు లేని 2 కోట్ల డాలర్ల శిక్షణ కాంట్రాక్టులో లంచం ఒప్పందం ఒప్పుకుని జైలుకెళ్లింది. బోర్డులో ఆ కాంట్రాక్టుకు ఎదురు ఓటు ఒక్కటీ పడలేదు. ఎన్నికైన బోర్డు కావాలన్న ఉద్యమానికి ఈ రెండూ ఎరువయ్యాయి. 2021లో చట్టం వచ్చింది. 21 మంది బోర్డు, 2025 జనవరి నుంచి 10 మంది ఎన్నికైనవాళ్లు, 11 మంది మేయరు మనుషులు, 2027 జనవరి నుంచి అందరూ ఎన్నికైనవాళ్లే.

కాపురం విడిపోతుందని తెలిశాక ఇంట్లో ఏ గిన్నె ఎవరిదో లెక్క మొదలవుతుంది. చికాగోలో ఆ గిన్నె 17.5 కోట్ల డాలర్లు. టీచర్ల పింఛను నిధి బోర్డుది. బడుల్లోనే పనిచేసే ఆయాలు, గుమాస్తాలు, వంటశాల సిబ్బంది మాత్రం నగర మున్సిపల్ ఉద్యోగుల నిధిలో ఉన్నారు. చట్టం ప్రకారం ఆ నిధికి డబ్బు కట్టాల్సింది నగరం. మేయరే రెండు పెట్టెలూ చూసుకున్నన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 2020 నుంచి అప్పటి మేయరు లోరీ లైట్‌ఫుట్ 'మీవాళ్ల వాటా మీరే కట్టండి' అని బోర్డుకు బిల్లు పంపడం మొదలెట్టింది. మొదట 6 కోట్లు, తర్వాత 17.5 కోట్లు.

2024లో సీఈఓ పెడ్రో మార్టినెజ్ ఆ మొత్తం బడ్జెట్‌లో పెట్టలేదు. టీచర్ల యూనియన్ నుంచే వచ్చిన మేయరు బ్రాండన్ జాన్సన్ 30 కోట్ల డాలర్ల స్వల్పకాలిక అప్పు తీసుకుని అదీ, కొత్త జీతాల ఖర్చూ సర్దమన్నాడు. మార్టినెజ్ ఒప్పుకోలేదు. అతన్ని తీసేయమంటే, మేయరు స్వయంగా ఏరి కూర్చోబెట్టిన ఏడుగురు బోర్డు సభ్యులూ అక్టోబరులో ఒకేసారి రాజీనామా ప్రకటించారు. కొత్తవాళ్లను వేశారు. వాళ్ల అధ్యక్షుడు పాత సోషల్ మీడియా రాతల వల్ల కొద్ది రోజుల్లోనే దిగిపోయాడు. డిసెంబరు 20న మార్టినెజ్‌ను తీసేశారు గాని, కారణం చూపకుండా తీసేస్తే ఇంకో ఆరు నెలలు ఉండొచ్చని ఒప్పందంలో ఉంది, ఉన్నాడు. నియమించే హక్కు ఎంత పెద్దదైనా ఒప్పందంలోని ఒక క్లాజు దాన్ని ఆరు నెలలు ఆపింది.

2025 ఆగస్టులో 73 కోట్ల డాలర్లు దాటిన లోటుతో బడ్జెట్ ఓటుకు వచ్చింది. అప్పటికి 21 సీట్లలో 11 మేయరువే. అప్పు తీసుకోవాలన్నది మేయరు కోరిక. బోర్డు 12-7తో అప్పు లేని బడ్జెట్ ఆమోదించి, పింఛను సొమ్ము అదనపు రాబడి వస్తేనే కడతామంది. ఆ మున్సిపల్ నిధిలో ఇప్పుడు పనిచేస్తున్న సభ్యుల్లో సగానికి పైగా బడుల సిబ్బందే. 2027 జనవరిలో 21 మంది ఎన్నికైన సభ్యులు ప్రమాణం చేసినా ఆ నిధి నగరం పేరు మీదే ఉంటుంది, ఆ బిల్లు ఎవరిదన్న దానికి ఎన్నికైన బోర్డు తెచ్చిన చట్టంలో జవాబు రాసి లేదు.